నిప్పుల కుంపట్లవుతున్న స్లాబు ఇళ్లు
పైకప్పుపై పచ్చదనమే ఉపాయం... కానీ ఆలోచన స్లాబు పోయకముందే!

నిజాంసాగర్‌: రోహిణి కార్తె వచ్చిందంటే నిజాంసాగర్‌ కాల్వల కింది పల్లెల్లో సాయంత్రం పూట ఒకటే దృశ్యం. పొద్దు వాలగానే ఇంటికొకరు బకెట్లతో నీళ్లు మోసుకుని స్లాబు ఎక్కుతారు. నీళ్లు గుమ్మరించగానే సిమెంటు సుయ్యిమంటుంది. పది నిమిషాల్లో తడి ఆరిపోతుంది. మళ్లీ బకెట్టు. ఇంత చేసినా రాత్రి తొమ్మిది దాటితే గానీ పైన చాప పరుచుకునే వీలుండదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివారు, బాలింతలు మెట్లెక్కలేరు. వారు పగలంతా కాగిన స్లాబు కింద, అర్రలోనే తెల్లవార్లూ అటూ ఇటూ పొర్లుతుంటారు. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. కరెంటు పోతే అదీ లేదు.

వడదెబ్బ ఎండలో తిరిగేవారికే తగులుతుందని చాలామంది అనుకుంటారు. నీడపట్టున ఇంట్లో ఉన్నవారికీ అది తగులుతుంది. పగటి వేడికి అలసిన ఒంటికి రాత్రయినా చల్లదనం దొరక్కపోతే ముసలివారు, పసిపిల్లలు, గుండెజబ్బు, చక్కెరజబ్బు ఉన్నవారు తట్టుకోలేరు. మే నెలలో 44, 45 డిగ్రీలకు చేరే ఎండ మన ప్రాంతానికి కొత్త కాదు. మారింది మన నెత్తిమీది కప్పు.

ఈ వేడికి విరుగుడుగా పైకప్పుమీద మట్టి పరిచి మొక్కలు పెంచే పద్ధతి దేశదేశాల్లో అమలవుతున్నది. ఇదేదో పట్నం షోకు అని తీసిపారేయనక్కర్లేదు. ఆలోచిస్తే ఇది మన తాతలకు తెలియని సంగతి కాదు. అయితే తాతల నాటి మిద్దెకు, నేటి స్లాబుకు తేడా ఉన్నది. ఆ తేడా తెలియకుండా తట్టలకొద్దీ మట్టి ఎక్కిస్తే మాత్రం ప్రాణాలకే ముప్పు.

ఒకప్పటి కప్పులు

మంజీర నదిపై నిజాంసాగర్‌ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్‌ అలీ నవాజ్‌ జంగ్‌ పర్యవేక్షణలో కట్టిన ఈ ప్రాజెక్టు నీళ్లతో బోధన్‌, బాన్సువాడ, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో వరి, చెరకు విస్తరించాయి. ఆ చెరకును నమ్ముకునే బోధన్‌ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో మూతపడేవరకు ఈ ప్రాంతపు ఇళ్లలో పెళ్లిళ్లయినా, కొత్త ఇళ్లయినా చెరకు బిల్లు చేతికొచ్చాకే అన్నట్లుండేది.

ఆ రోజుల్లో పేదల గుడిసెలకు చెరకు ఆకు, వరిగడ్డి, బోదగడ్డి కప్పు. కాస్త కలిగినవారికి గూనపెంకుల ఇల్లు. తెలంగాణ పల్లెల్లో అనేకచోట్ల మట్టి మిద్దెలుండేవి. లావాటి గోడలమీద దూలాలు వేసి, వాటిపై దగ్గర దగ్గరగా వాసాలు పేర్చి, ఆపైన ఆకు, కంప పరిచి మట్టి దట్టించేవారు. అన్నిటికన్నా పైన నీళ్లు దిగని చౌడుమట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి తొక్కేవారు. నాలుగు వానలు పడగానే మిద్దెమీద గడ్డి మొలిచేది. మంజీర పైభాగాన ఉన్న మరాఠ్వాడా పల్లెల్లోనూ ఇదే తరహా మిద్దెలు కనిపించేవి.

ఇక గుడిసె అయినా, గూన ఇల్లయినా మిరుగు దాటగానే గోడవారన ఆనిగెపు గింజ, గుమ్మడి గింజ పడవలసిందే. శ్రావణం నాటికి తీగ కప్పంతా అల్లుకునేది. ఇంటిల్లిపాదికీ కూర, ఇంటికి పచ్చని గొడుగు. ఎవరూ దానికి పెద్ద పేరు పెట్టలేదు.

ఆ ఇళ్లలో అంతా సుఖమే ఉండేదనుకుంటే పొరపాటు. గడ్డికప్పుకు నిప్పు భయం. చెరకు ఆకు అంటుకుంటే గుడిసెలు వరసగా బుగ్గయ్యేవి. మట్టి మిద్దె ముసురు పడితే కురిసేది. ఎలుకలు, తేళ్లు, పాములు సరేసరి. గూనపెంకులను కోతులు తన్నిపోతే ఏటేటా తిరగేయించుకోవాలి. ఆ బాధలు పడ్డవారే స్లాబు కోసం అప్పులు చేశారు. స్లాబు ఇల్లు నిప్పంటుకోదు, పెద్దగా కురవదు, పైన వడ్లు, మిరపకాయలు ఎండబోసుకోవచ్చు. దాన్ని కాదనడం ఎవరివల్లా కాదు. దాని వేడిని తగ్గించుకోవడమెలాగన్నదే ఇప్పటి ప్రశ్న.

రంజన్‌ చెప్పే పాఠం

స్లాబు ఎందుకంత కాలుతుంది? సిమెంటు కాంక్రీటు వేడిని మెల్లగా పీల్చుకుని, మెల్లగా వదులుతుంది. నాచు పట్టి నల్లబడ్డ స్లాబు మిట్టమధ్యాహ్నం ఎండకు పైభాగాన 60 డిగ్రీలు దాటడం విశేషం కాదు. ఆ వేడి లోపలికి దిగి కింది అంచుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. బయట గాలి చల్లబడే వేళకు ఇంట్లో కప్పు పొయ్యిమీది పెనంలా వేడిని దించుతుంటుంది. స్లాబు ఇంట్లో మధ్యాహ్నంకన్నా రాత్రే ఎక్కువ ఉక్కగా అనిపించడానికి కారణమిదే.

పైన మట్టి, మొక్కలు ఉంటే మూడు విధాల మేలు జరుగుతుంది. మొదటిది నీడ. ఆకులు ఎండను తామే భరిస్తాయి. రెండవది మట్టిపొర. ఇది స్లాబుకు దుప్పటి కప్పినట్లుండి వేడిని నెమ్మదింపజేస్తుంది. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మొక్క వేళ్లతో పీల్చిన నీటిని ఆకులనుంచి ఆవిరిగా వదులుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని చుట్టుపక్కలనుంచే లాక్కుంటుంది.

ఇంట్లో రంజన్‌ చేసేది ఇదే పని. మట్టి రంజన్‌ చెమర్చుతుంది, ఆ చెమ్మ ఆవిరవుతుంది, లోపలి నీళ్లు చల్లబడతాయి. ఇత్తడి బిందె చెమర్చదు కాబట్టి దానిలో నీళ్లు చల్లబడవు. ఒక్క లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి, ఒక కిలోవాట్‌ హీటరు 40 నిమిషాలపాటు ఇచ్చే వేడికి సమానం. మొక్కలున్న కప్పునుంచి రోజుకు పది లీటర్లు ఆవిరైనా అంత వేడీ ఇంట్లోకి దిగకుండా పైనుంచి పైనే పోయినట్లు. సాయంత్రం స్లాబుమీద బకెట్లు గుమ్మరించేవారు చేసేదీ ఇదే. కాకపోతే సిమెంటు నీళ్లను నిలుపుకోలేదు, క్షణాల్లో వదిలేస్తుంది. మట్టి దాచుకుని, మొక్క ద్వారా రోజంతా కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది.

దీనివల్ల ఇల్లు చల్లబడటమేగాక స్లాబు ఆయుష్షు కూడా పెరుగుతుంది. పగలు కాగి సాగుతూ, రాత్రి చల్లారి ముడుచుకుంటూ ఉండటంవల్లనే స్లాబుకు సన్నని నెర్రెలు పడతాయి. ఆ నెర్రెల్లోంచి నీళ్లు దిగి సలాకలు తుప్పు పడతాయి. ఎండ నేరుగా తగలకుంటే ఈ సాగుడు, ముడుపు తగ్గుతాయి. కూలరు, ఏసీ ఉన్న ఇళ్లలో కరెంటు ఖర్చూ తగ్గుతుంది.

వాన సంగతి చూస్తే, నిజామాబాద్‌ ప్రాంతంలో ఏటా దాదాపు 1000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. 400 చదరపు అడుగుల స్లాబుమీద ఏడాదిలో పడే నీరు ఇంచుమించు 37 వేల లీటర్లు. ఒట్టి స్లాబైతే అదంతా ఒక్క ఉదుటున వాకిట్లోకి, సందులోకి దూకుతుంది. మట్టి, మొక్కలు ఉంటే కొంత తాగి, మిగతాది ఆలస్యంగా వదులుతాయి. నిజామాబాద్‌, బోధన్‌ వంటి పట్టణాల్లో మురికికాల్వల మీద పడే ఒత్తిడి ఆమేరకు తగ్గుతుంది. తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పిచ్చుకలు చేరడం అదనపు లాభం.

హైదరాబాద్‌లో, దేశదేశాల్లో

హైదరాబాద్‌ హైటెక్‌ సిటీ సమీపంలో భారత పరిశ్రమల సమాఖ్య కట్టిన సొరాబ్జీ గోద్రెజ్‌ హరిత వ్యాపార కేంద్రాన్ని 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్‌ కలాం ప్రారంభించారు. దాని పైకప్పులో సగానికి పైగా పచ్చికే. పర్యావరణ హిత కట్టడాలకు అమెరికా సంస్థ ఇచ్చే ప్లాటినం గుర్తింపు అమెరికా బయట పొందిన తొలి భవనంగా అది పేరు తెచ్చుకుంది. అటువంటి కట్టడం అమెరికా తర్వాత మొదట వెలిసింది తెలుగునేలమీద కావడం విశేషం.

అది పెద్ద సంస్థల సంగతి. సామాన్యుడి ఇంటిమీద పచ్చదనానికి ‘మిద్దెతోట’ అనే పేరుతో ప్రచారం కల్పించినవారిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. హైదరాబాద్‌ శివారు నారపల్లిలోని తమ ఇంటిమీద ఆయన ఏళ్లతరబడి కూరగాయలు, ఆకుకూరలు, పండ్లమొక్కలు పెంచారు. ఆ అనుభవాన్ని రాతల ద్వారా పంచారు. ఇప్పుడు తెలుగునాట పట్టణాల్లో ఎన్నో కుటుంబాలు మిద్దెతోటలు పెంచుతున్నాయి.

బయటి దేశాల్లో ఇది తరతరాల అలవాటు. చలిదేశమైన నార్వేలో రైతులు ఇంటికప్పుమీద బూర్జచెట్టు బెరడు పరిచి, దానిపై గడ్డితో సహా పెళ్లగించిన మట్టిదిమ్మలు పేర్చేవారు. బెరడు నీళ్లను ఆపేది, మట్టి చలిని ఆపేది. మనవారు చౌడుతో చేసింది వారు బెరడుతో చేశారు. జర్మనీ ఇంజనీర్లు 1970, 80 దశకాల్లో ఈ పద్ధతికి కొలతలు, నియమాలు ఏర్పరచారు. కెనడాలోని టొరంటో నగరం పెద్ద కట్టడాలపై పచ్చని కప్పు తప్పనిసరి చేస్తూ 2009లో నిబంధన తెచ్చింది. మన రాష్ట్రంలోనూ భవనాల వేడి తగ్గించే ఉద్దేశంతో 2023 ఏప్రిల్‌లో శీతల పైకప్పుల విధానాన్ని ప్రకటించారు. అయితే ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు, పలకలే అందులో ప్రధానం.

కిల్లారి మరచిపోరాదు

ఇంతవరకు చెప్పినవి లాభాలు. ఇక ప్రమాదం సంగతి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాద్‌ జిల్లాలను భూకంపం కుదిపేసింది. కిల్లారి పరిసరాల్లో దాదాపు పదివేల మంది చనిపోయారని అంచనా. అదీ మంజీర ప్రవహించే జిల్లానే. మన సరిహద్దుకు దూరమేమీ కాదు. అక్కడ అంతమంది చనిపోవడానికి ముఖ్య కారణం ఇళ్లే. బంకమట్టితో పేర్చిన లావాటి రాతిగోడలు, వాటి నెత్తిన బరువైన మట్టి మిద్దెలు. కురవకుండా ఉండాలని ఏటేటా కొత్తమట్టి పోస్తూ పోవడంతో కప్పు బరువు తరతరాలకు పెరిగింది. భూమి కదలగానే గోడలు విడిపోయి, ఆ మట్టంతా నిద్రలో ఉన్నవారిమీద కూలింది. చల్లగా కాపాడిన కప్పే సమాధి అయింది.

కాబట్టి పైకప్పుమీద మట్టి అనగానే మొదట అడగవలసిన ప్రశ్న: బరువెంత?

లెక్క చూడండి. తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరుకు 1600 నుంచి 2000 కిలోల వరకు తూగుతుంది. అర అడుగు మందాన పరిస్తే ఒక్కో చదరపు అడుగుమీద దాదాపు 25 కిలోలు పడుతుంది. 400 చదరపు అడుగుల స్లాబుమీద అది పది టన్నులు. అంటే చెరకు నిండిన లారీ లోడును నెత్తిన పెట్టుకున్నట్లు. మనుషులు ఎక్కి తిరిగే స్లాబుమీద అదనంగా పడే బరువు కోసం భారతీయ ప్రమాణం ఐఎస్‌ 875 చెప్పే లెక్క చదరపు మీటరుకు ఇంచుమించు 150 కిలోలు. చదరపు అడుగుకు సుమారు 14 కిలోలన్నమాట. అందులోనే మనుషులు, మంచాలు, ఎండబోసిన వడ్లు అన్నీ రావాలి. మామూలు లెక్కతో పోసిన స్లాబు అర అడుగు మట్టిని మోయడానికి పనికిరాదని దీన్నిబట్టే తేలుతున్నది.

తేలికపాటి ఎరువుమిశ్రమం నాలుగు అంగుళాలు పరిచినా, తడిసినప్పుడు చదరపు అడుగుకు పది కిలోల దాకా పడవచ్చు. ఇదీ ఇంజనీరును అడిగి చేయవలసిన పనే తప్ప, మేస్త్రీ ‘ఏం కాదు’ అన్న మాటమీద చేయదగింది కాదు.

ఇప్పుడు కట్టేవారికి ఇదే అదను

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. లబ్ధిదారు తన స్థలంలో కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంటే ఐదు లక్షల రూపాయలు దశలవారీగా అందజేయడం దీని పద్ధతి. ఈ పథకం కింద, సొంతంగా కూడా ఊరూరా కొత్త స్లాబులు లేస్తున్నాయి. ఒకసారి పోసిన స్లాబు మూడు, నాలుగు దశాబ్దాలు ఉంటుంది. అంతకాలం ఆ ఇంట్లో పుట్టి పెరిగేవారు ఆ కప్పు కిందే ఎండాకాలాలు గడపాలి.

పైన పచ్చదనం కావాలనుకునేవారు ఆ మాట సెంట్రింగ్‌ కట్టకముందే ఇంజనీరుకు చెప్పాలి. ఇల్లంతా అవసరం లేదు. పడుకునే అర్ర పైభాగం ఒక్కటి చాలు. అక్కడ ఎంత మట్టి వేస్తారో ముందే చెబితే, దానికి తగ్గట్లు స్లాబు మందం, సలాకలు, దూలాలు లెక్కగట్టవచ్చు. ఇందుకయ్యే ఖర్చు తర్వాత చేసే మరమ్మతులతో పోలిస్తే స్వల్పమే. మిగతా భాగం పసుపు, మిరప, వడియాలు ఎండబెట్టుకోవడానికి అట్టే ఉంచుకోవచ్చు.

ఈ మాట అప్పుడే చెబితే మరో మూడు పనులు కూడా సులువవుతాయి. నీళ్లు ఒక మూలకు జారేటట్లు వాలు పెట్టించాలి. నీరు పోయే గొట్టాలు ఒకటికి రెండు, కాస్త లావువే పెట్టించాలి. నీళ్లు దిగని పూత స్లాబు మీదుగా పిట్టగోడపై అడుగెత్తు వరకు వేయించాలి. వెనకటికి సున్నంలో బెల్లంనీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు చేసేవారు. ఇప్పుడు బజారులో రకరకాల పూతలు దొరుకుతున్నాయి. ఏది వేసినా, గొట్టాలు మూసి రెండుమూడు రోజులు రెండంగుళాల నీరు నిలిపి, కింద చెమ్మ కనిపించలేదని తేలాకే మట్టి ఎక్కించాలి. మట్టి వేశాక కురుపు కనిపెట్టడం కష్టం.

మట్టి ఎలాంటిది? మొక్కలేవి?

బోధన్‌, బాన్సువాడ ప్రాంతాల నల్లరేగడి పొలానికి బంగారమే గానీ కప్పుమీదికి ఒంటరిగా పనికిరాదు. తడిస్తే ఉబ్బి బరువెక్కుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. చెరువుమట్టిదీ అదే గుణం. మట్టిని మూడోవంతుకు మించనీయకుండా, మిగతాది బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, రైసుమిల్లు ఊక, కుళ్లబెట్టిన చెరకు పిప్పి వంటివి కలిపితే తేలికగా ఉండి తేమ నిలుపుతుంది. పచ్చి ఊక, పచ్చి పిప్పి మాత్రం వేయరాదు. అవి కుళ్లేటప్పుడు మొక్కకందే సత్తువను తామే లాగేస్తాయి.

అడుగున స్లాబు, దానిపై నీళ్లు దిగని పూత, వేళ్లు దూరకుండా గట్టి ప్లాస్టిక్‌ పట్టా, ఆపైన నీరు జారడానికి ఇటుకముక్కలు లేదా సన్నకంకర పొర, దానిమీద మట్టి కొట్టుకుపోకుండా వడకట్టే గుడ్డ, అన్నిటిపైన మట్టిమిశ్రమం. పచ్చకప్పు వరస ఇదే. కంకర బరువును కూడా లెక్కలో కలపాలని మరువరాదు.

గరిక వంటి గడ్డి, పుంటికూర, తోటకూర, మెంతికూర, కొత్తిమీర, తీగబచ్చలి వంటి పైపై వేళ్ల మొక్కలకు కొద్దిపాటి మందం చాలు. వంగ, టమాటా, మిరపలకు ఇంకొంచెం లోతు కావాలి. చెట్లజోలికి పోరాదు. గోడ నెర్రెలో పిట్ట వేసిన రావిగింజ గోడనే చీల్చడం ప్రతి ఊరిలో చూస్తున్నదే. రావి, మర్రి, జువ్వి మొలక కనిపిస్తే ఆనాడే పీకేయాలి.

ఇక కాలం సంగతి. మిరుగుకు వేసిన తీగ సంక్రాంతికే ఎండిపోతుంది. ఎండలు ముదిరే చైత్ర వైశాఖాల్లో కప్పు మళ్లీ బోసిపోతుంది. నీడ కావలసింది అప్పుడే కాబట్టి మాఘంలో మరోసారి ఆనిగెపు, బీర, కాకర, గుమ్మడి గింజలు వేయాలి. ఉగాది దాటేసరికి తీగ పాకి, రోహిణి నాటికి ఆకు దట్టమవుతుంది. ఈ చిన్న ముందుచూపు లేకనే చాలామంది తోటలు వానాకాలం ముచ్చటగా మిగిలిపోతున్నాయి.

రేకుల ఇళ్లవారికి ఉపాయం

ఇప్పటికే పోసిన పాత స్లాబులు, సిమెంటు రేకులు, గూనపెంకుల ఇళ్లవారి మాటేమిటి? రేకులమీద, గూనమీద మట్టి వేయడం కలలోనైనా తలపెట్టరాదు. పాత స్లాబుకు సలాకలు బయటపడి ఉన్నా, పెచ్చులు రాలుతున్నా అదే మాట.

వారికి తీగపందిరే మార్గం. మట్టి, కుండీలు కిందనే ఉంచి, గోడవారన తవ్విన గుంతలోనుంచి తీగను పైకి పాకించాలి. రేకులకు రెండుమూడు అడుగుల ఎత్తున వెదురుకర్రలతో, తీగలతో పందిరి కట్టి దానిపై అల్లిస్తే బరువంతా గుంజలమీదే పడుతుంది. పందిరికీ రేకుకూ మధ్య గాలి ఆడుతుంది. పడమటి ఎండ కొట్టే గోడకూ ఇదే రీతిన చిక్కుడు, బచ్చలి పాకించవచ్చు. గట్టిగా ఉన్న పాత స్లాబుమీద కుండీలు పెట్టదలచినవారు వాటిని గోడలకు, దూలాలకు సరిగ్గా పైనే వరసగా పెట్టాలి. అర్ర నడిమధ్యన బరువు పెట్టరాదు.

ఇదీ వీలుకానివారు ఏటా ఎండలకు ముందు స్లాబుకు తెల్లసున్నం రెండు పూతలు వేసుకున్నా తేడా తెలుస్తుంది. తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. ఖర్చు తక్కువ, బరువు లేదు. సున్నం కూర ఇవ్వదు, వాననీటిని ఆపదు. అయినా బాలింత పడుకునే అర్రకు అదీ మేలే.

చిక్కులు లేకపోలేదు

కోతుల బెడద చెప్పనక్కర్లేదు. పల్లెల్లో పెరటిమొక్కలు పెట్టడం మానుకోవడానికి అవే మొదటి కారణం. వల కట్టుకోగలిగినవారు కాయగూరలు పెట్టుకోవచ్చు. లేనివారు కోతులు అంతగా ముట్టని పసుపు, అల్లం, కలబంద, నిమ్మగడ్డి, పచ్చికలతో సరిపెట్టుకోవడం మంచిది. ఇంటికి చల్లదనమే ముఖ్యమైతే కాయ లేకున్నా ఆకు చాలు.

రెండవది నీళ్లు. ఎండాకాలంలో తాగునీటికే కటకటగా ఉంటే పైన మొక్కలకెక్కడివి అనే ప్రశ్న సబబైనదే. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, సబ్బు కలవని నీళ్లు ఇందుకు వాడుకోవచ్చు. ఎలాగూ సాయంత్రం స్లాబుమీద గుమ్మరించే నాలుగు బకెట్లు మొక్కలకు పోస్తే రెండు పనులూ నెరవేరతాయి. మట్టిమీద ఎండుటాకు, చెరకు ఆకు కప్పితే తేమ త్వరగా ఆరదు.

మూడవది నిర్వహణ. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి ఇంకా ఎవరూ మరువలేదు. అంతటి వానను ఏ పచ్చకప్పూ తాగలేదు. అటువంటప్పుడు రాలిన ఆకులు గొట్టానికి అడ్డుపడితే స్లాబే చెరువవుతుంది. నాలుగంగుళాల నీరు నిలిస్తే చదరపు అడుగుకు మరో తొమ్మిది కిలోలకు పైగా బరువు చేరుతుంది. కాబట్టి వానాకాలంలో వారానికోసారైనా పైకెక్కి గొట్టాలు చూడాలి. కుండీల కింద పళ్లేలలో నీరు నిలవనిస్తే డెంగీ దోమలను పెంచినట్లే. ఏటా కొత్తమట్టి పోయడం కాదు, పాతది తీసి ఆమేరకే కొత్తది వేయాలి. కిల్లారి నేర్పిన పాఠం ఇదే.

ముందు బడులపైన, అంగన్‌వాడీలపైన

ఒక్కొక్కరూ సొంత ఇంటిమీద ప్రయోగం చేయడానికి జంకడం సహజం. అందుకే ఈ పని ప్రభుత్వ కట్టడాలతో మొదలైతే బాగుంటుంది. బడులు, అంగన్‌వాడీలు, ఆరోగ్య ఉపకేంద్రాలు కొత్తగా కట్టేచోట కనీసం ఒక గదిపై పచ్చకప్పు మోసేటట్లు అంచనాల్లోనే చేర్చాలి. పసిపిల్లలు మధ్యాహ్నం పూట పడుకునేది అంగన్‌వాడీ గదిలోనే. ఒక గదిపై పచ్చిక పెంచి, పక్క గదిని ఒట్టిగా ఉంచి, రెండింటిలోనూ పది రూపాయల నోటుబుక్కులో రోజూ వేడి రాసిపెడితే ఊరంతా కళ్లారా చూస్తుంది. రుద్రూర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం, చెరకు, వరి పరిశోధన కేంద్రం దగ్గరలోనే ఉన్నాయి. ఏ మిశ్రమం తేలిక, ఏ మొక్క మన ఎండకు నిలుస్తుంది అనేది అక్కడ పరీక్షించి చెప్పగలిగితే రైతు కుటుంబాలు నమ్ముతాయి. మండలాల గృహనిర్మాణ ఇంజనీర్లు అడిగినవారికి బరువు లెక్క చేసి ఇవ్వడం మరింత అవసరం.

నిజాంసాగర్‌ నీళ్లతో ఈ ప్రాంతం పచ్చబడి తొంభై ఏళ్లు దాటింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కాల్వగట్టు ఎక్కి చూస్తే చుట్టూ కనుచూపుమేర పచ్చదనమే. నడుమ ఊరు మాత్రం బూడిదరంగు స్లాబుల కుప్పగా కనిపిస్తుంది. ఈ ఎండాకాలానికి ముందు సెంట్రింగ్‌ కట్టబోయేవారు ఒక్క అర్ర పైభాగం గురించైనా ఇంజనీరును అడిగితే, వచ్చే రోహిణి నాటికి ఆ ఇంటి ముసలమ్మ మెట్లెక్కకుండానే చల్లగా నిద్రపోగలుగుతుంది.